కదలకుండా ఉన్న ఇగ్వానా క్షేమంగా ఉన్నట్టు కాదు

పొద్దున్నే బయట తిప్పక్కర్లేదు, అరవదు, ఇంటినిండా వెంట్రుకలు రాల్చదు, నాలుగు ఆకులు వేస్తే ఉన్నచోట ఉంటుంది. ఆకుపచ్చ ఇగ్వానాను కొనబోయేవాళ్ళకు హైదరాబాద్ పెట్ షాపుల్లోనూ, అమెరికాలో మన పిల్లలు ముచ్చటపడి ఆగే దుకాణాల్లోనూ వినిపించే మాట దాదాపు ఇదే. అమ్మేవాళ్ళే కాదు, కొన్నవాళ్ళూ అదే చెబుతారు. పెద్ద బల్లి అంటే తక్కువ పనితో సరిపోయే ప్రాణి అనీ, మొండిది కాబట్టి ఎలాగోలా నెట్టుకొస్తుందనీ, తింటూ నెమ్మదిగా కూర్చుందంటే ఏ లోటూ లేనట్టేననీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. అది పూర్తిగా తప్పని నా వాదన. ఇళ్ళల్లో పెరిగే ఇగ్వానాల దవడలు మెత్తబడటం, వెన్ను వంగిపోవటం, మూత్రపిండాలు పాడవటం చాలావరకు ఈ నమ్మకం చలవే. వీటిని దురదృష్టం ఖాతాలో వేసి చేతులు కడుక్కోవటానికి వీల్లేదు.

ముందు ఈ జంతువు ఎక్కడిదో గుర్తుచేసుకుందాం. దక్షిణ మెక్సికో నుంచి మధ్య అమెరికా మీదుగా బ్రెజిల్ దాకా, కరీబియన్ దీవుల్లో కొన్నింటిలోనూ ఉంటుంది. నదుల మీదికి వంగిన చెట్ల పైకొమ్మల్లో దాని కాపురం. భయమేస్తే అంత ఎత్తు నుంచీ నీళ్ళలోకి దూకేస్తుంది. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు జానెడు ఉంటుంది. పెరిగితే తోకతో కలిపి ఐదారడుగులు, ఐదారు కిలోలు. సరిగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. దుకాణంలో మన అరచేతిలో పెట్టేది ఆ జానెడు పిల్లను. ఆ ఐదారడుగులను, ఆ 20 ఏళ్ళను ఎవరూ చూపించరు.

‘తక్కువ పని’ అనే మాటను పట్టుకుందాం. మన పెరట్లో తొండను ఒక పూటంతా గమనించినవాళ్ళకు నా వాదన సగం చెప్పకుండానే అర్థమవుతుంది. పొద్దున్నే ప్రహరీ గోడ ఎక్కి ఒళ్ళంతా ఎండకు పరుస్తుంది. ఒళ్ళు కాగాక వేటకు వెళ్తుంది. మధ్యాహ్నం నీడ పట్టు వెతుక్కుంటుంది. సాయంత్రం మళ్ళీ గోడ మీదికి వస్తుంది. చూసేవాళ్ళకు బద్ధకంగా కనిపించినా, అది రోజంతా తన శరీరాన్ని తానే నడుపుకుంటోంది. మన ఒంట్లో వేడిని మన శరీరమే పుట్టించి నిలబెడుతుంది, మనం దాని గురించి ఆలోచించం. బల్లి ఆ పనిని కాళ్ళతో నడిచి చేస్తుంది: ఎండకూ నీడకూ మధ్య, పైకొమ్మకూ కిందికొమ్మకూ మధ్య. కాబట్టి దాన్ని ఒక పెట్టెలో పెట్టి మూతవేసిన క్షణం నుంచి ఆ పనంతా పెంచేవాడి మీద పడుతుంది. ఎండ ఎంత ఉండాలి, నీడ ఎక్కడుండాలి, గాలిలో తేమ ఎంత, రాత్రి చలి ఎంత అన్నవన్నీ ఇక ఆ మనిషి నిర్ణయాలే. కుక్కను పెంచేవాడు కుక్కకు తోడుగా ఉంటే చాలు. ఇగ్వానాను పెంచేవాడు దానికి వాతావరణమై ఉండాలి. ఇది తక్కువ పనా?

ఆకుపచ్చ ఇగ్వానా తన ఒంటిని 35, 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుకోవాలని చూస్తుంది. అది తినేది ఆకులు. ఆకుల్లోని పీచును అరిగించేవి దాని పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు. అక్కడ అడ్డంగా మడతలు, కవాటాలు ఉండి మేతను నెమ్మదిగా కదలనిస్తాయి, అది పులిసి అరుగుతుంది. ఆ పులియటానికి వేడి కావాలి. ఈ సూక్ష్మజీవులు పుట్టుకతో రావు. పిల్ల ఇగ్వానాలు పెద్దవాటి మలాన్ని తిని వాటిని తమ పేగుల్లోకి తెచ్చుకుంటాయని పనామాలో క్యాథరిన్ ట్రోయర్ అనే పరిశోధకురాలు 1982లో చూపించింది. ఇంత ఏర్పాటు ఉన్న జీర్ణవ్యవస్థను ఏసీ గదిలో, 24 డిగ్రీల్లో పెట్టి, ఆకులు వేసి, తింటోంది కదా అనుకోవటం నిప్పులేని పొయ్యి మీద ఎసరు పెట్టటమే. తింటుంది, నిజమే. తిన్నది ఒంటికి పట్టదు.

వేడి దానికి మేత కన్నా ముఖ్యమని ఇగ్వానాయే చెప్పిన సాక్ష్యం ఒకటుంది. కెనడాలో బలాష్కో, కబనాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్ల ఇగ్వానాల ముందు ఒక ఇరకాటం పెట్టారు. వెచ్చని దీపం కింద చప్పటి మామూలు దాణా ఉంది. దూరంగా చలి మూలలో వాటికి ఇష్టమైన లెట్యూస్ ఉంది. ఆ మూల చలి పెరిగేకొద్దీ అవి లెట్యూస్ కోసం వెళ్ళటం తగ్గించేశాయి. 1998లో అచ్చయిన ప్రయోగం ఇది. రుచిని వదులుకోవటానికి అవి సిద్ధపడ్డాయి గానీ వెచ్చదనాన్ని వదులుకోలేదు. మనం మాత్రం మేతగిన్నె నింపి, దీపాన్ని దండగ ఖర్చు అంటాం.

జబ్బు చేసినప్పుడు ఈ వేడి చావుబతుకుల సంగతి అవుతుంది. 1975లో మాథ్యూ క్లూగర్ బృందం చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. వాళ్ళు తీసుకున్నది ఆకుపచ్చ ఇగ్వానాను కాదు, దాని చుట్టమైన ఎడారి ఇగ్వానాను. వాటికి ఒక బాక్టీరియాను ఎక్కించి, వేరువేరు ఉష్ణోగ్రతల్లో ఉంచారు. 34 డిగ్రీల్లో ఉంచినవి చనిపోయాయి. 42 డిగ్రీల్లో ఉంచినవాటిలో ఎక్కువ భాగం బతికాయి. మనకు జ్వరం దానంతటది వస్తుంది. బల్లి జ్వరాన్ని వెతుక్కుంటూ ఎండలోకి వెళ్ళాలి. వెళ్ళటానికి వెచ్చని చోటే లేని పెట్టెలో ఉన్న బల్లికి జ్వరం తెచ్చుకునే హక్కు కూడా లేదు. ఇది చదివి ఎవరూ తమ ఇగ్వానాను 42 డిగ్రీల్లో కూర్చోబెట్టకండి. ఎడారి జాతికి సరిపడేది అడవి జాతిని చంపేయవచ్చు. కావలసింది ఒక పక్క 36, 38 దాకా కాగే కొమ్మ, రెండో పక్క 26, 27 డిగ్రీల నీడ, ఆ రెంటి మధ్యా తన ఇష్టప్రకారం తిరిగే వీలు.

ఆ వేడి పైనుంచి రావాలి. దుకాణాల్లో ఇప్పటికీ అమ్మే ‘హీట్ రాక్’, అంటే కరెంటుతో కాగే కృత్రిమ రాయి, ఇగ్వానాల పొట్టలు కాల్చిన వస్తువు. అడవిలో వేడి సూర్యుడి నుంచి వీపు మీదికి వస్తుంది, దాన్ని బట్టే బల్లి తన చోటు మార్చుకుంటుంది. గదంతా చల్లగా ఉండి కింద రాయి ఒక్కటే కాగుతుంటే, వెచ్చదనం కోసం దాన్ని కరుచుకుని పడుకుంటుంది. చర్మం కాలిపోతున్నా లేవదు. ఇంత నష్టం చేసే వస్తువును బల్లి పెంపకం సామాన్లలో ఒకటిగా అమ్మటం నాకు మింగుడుపడదు.

ఇక వెలుతురు. పెంపుడు ఇగ్వానాలను ఎక్కువగా కుంగదీసే ఎముకల జబ్బు మొదలయ్యేది ఇక్కడే. సూర్యకాంతిలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం చర్మానికి తగిలితే, అక్కడ విటమిన్ డి తయారవటం మొదలవుతుంది. ఆ తయారీ పూర్తవటానికి ఒంట్లో వేడి కావాలి. కాలేయం, మూత్రపిండాలు కూడా తమ వంతు పని చేయాలి. ఆ విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి రాదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు ఆగిపోతాయి కాబట్టి, శరీరం ఎముకల్లోంచి దాన్ని తవ్వి తీస్తుంది. ఎముక కరిగిపోయిన చోట మెత్తని పీచు కణజాలం చేరుతుంది. అప్పుడు ఏమవుతుందో తెలుసా? తొడలు లావుగా, గుండ్రంగా, గట్టిగా కనిపిస్తాయి. ‘మా ఇగ్వానా బాగా ఒళ్ళు చేసింది’ అని ఇంటివాళ్ళు సంతోషిస్తారు. దవడలు ఉబ్బి ముఖం బొద్దుగా మారుతుంది, ముద్దొస్తోందని ఫొటోలు తీస్తారు. ఆ దవడను వేలితో నొక్కితే రబ్బరులా వంగుతుంది. తర్వాత కాలివేళ్ళు అదరటం, నడుం దించకుండా నడవలేకపోవటం, చిన్న దూకుడుకే ఎముక విరగటం, చివరికి వెనక కాళ్ళు పడిపోవటం. చావుకు దగ్గరవుతున్న జంతువును చూసి బలిసిందని మురిసిపోయేలా చేసింది ఆ ‘తింటోంది కదా’ అన్న మాటే.

కిటికీ పక్కనే పెట్టాం, ఎండ బాగా తగులుతుంది అంటారు చాలామంది. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనక ఎండ ఎముకలకు చీకటితో సమానం. తెలుగునేల మీద ఎండకు కరువు లేదు. కెనడాలోనో ఇంగ్లండ్‌లోనో ఇగ్వానాను పెంచేవాళ్ళు ఏడాదిలో సగం రోజులు ట్యూబులైట్ల మీద ఆధారపడాలి. మనకు డాబా మీద ఉచితంగా దొరుకుతుంది. దొరికేదాన్ని అద్దంతో ఆపుకుని, ఆపైన కాల్షియం పొడి చల్లటం ఏం తర్కం? ఉదయం పూట వైర్‌మెష్ పంజరంలో, సగం నీడ పడేలా, నీళ్ళు అందుబాటులో ఉంచి, మనిషి పక్కనే ఉండి ఎండ చూపించటం కన్నా మంచి మందు లేదు. అయితే గాజు ట్యాంకును ఎండలో పెట్టటం మాత్రం హత్య. మే నెల హైదరాబాద్ ఎండలో గాజు పెట్టె లోపల వేడి నిమిషాల్లో ప్రాణాంతకమవుతుంది, లోపలున్న జంతువుకు పారిపోయే దారి ఉండదు.

అపార్ట్‌మెంట్లో ఎండ పడని వాళ్ళు యూవీబీ ట్యూబు పెట్టాల్సిందే. కంటికి కనిపించే వెలుగు ఇస్తున్నంత కాలం అది పనిచేస్తోందనుకోవటం మరో పొరపాటు. వెలుగు అలాగే ఉండి యూవీబీ ముందే తగ్గిపోతుంది. అందుకే ఆరు నెలలకో ఏడాదికో తయారీదారు చెప్పిన ప్రకారం మార్చాలి. ట్యూబుకూ జంతువుకూ మధ్య గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. విటమిన్ డి చుక్కలు నోట్లో వేస్తే చాలదా అంటే చాలదు. ఇగ్వానాలకు నోటి ద్వారా ఇచ్చే విటమిన్ డి మీద భరోసా పెట్టుకోలేం, మోతాదు మించితే రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది.

ఆకుల దగ్గరికి వద్దాం. ‘నాలుగు ఆకులు’ అంటారు గదా, ఏ ఆకులు? సూపర్‌మార్కెట్లో దొరికే ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. ఇగ్వానా దాన్ని ఇష్టంగా తింటుంది, కడుపు నిండుతుంది, ఎముకలు ఆకలితో ఉంటాయి. పాలకూర ఆరోగ్యానికి మంచిదని మనం నమ్ముతాం కాబట్టి రోజూ పాలకూర వేసేవాళ్ళున్నారు. పాలకూరలో, చుక్కకూరలో, తోటకూరలో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. అప్పుడప్పుడూ కాస్త పెడితే ఫరవాలేదు, అదే రోజువారీ మేత అయితే చేటు. క్యాబేజీ జాతి ఆకులు రోజూ తింటే థైరాయిడ్ దెబ్బతింటుంది. ఇగ్వానా మేతలో భాస్వరానికి రెండింతలు కాల్షియం ఉండాలి. ఈ లెక్కకు దగ్గరగా వచ్చే మేత విదేశాల నుంచి డబ్బాల్లో రానక్కర్లేదు. మన దగ్గర మునగాకు ఉంది, అవిశాకు ఉంది, పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకు ఉంది, ప్రతి ఇంటి ముందూ మందారం ఉంది. మందార ఆకులూ పువ్వులూ ఇగ్వానాకు పండగ భోజనం. మందు కొట్టని చెట్టు నుంచి కోయాలి, అంతే. వీటికి తోడు తురిమిన గుమ్మడి, సొర, బెండ, ఎప్పుడైనా ఒక ముక్క బొప్పాయి. ఇన్ని మన పెరట్లో పెట్టుకుని గాజు ట్యాంకులో లెట్యూస్ వేయటం చూస్తే బాధగా ఉంటుంది.

‘బలానికి’ అని ఉడికించిన గుడ్డు, చికెన్, పిల్లి దాణా పెట్టేవాళ్ళను ఆపటం మరీ కష్టం. బల్లి అంటే పురుగులు తినేదే గదా అని వాళ్ళ ఆలోచన. ఇగ్వానా పళ్ళను ఒక్కసారి చూడమంటాను. ఆకు ఆకారంలో, అంచుల్లో రంపపు పళ్ళలా నొక్కులతో, ఆకులు కత్తిరించటానికే పుట్టిన పళ్ళవి. ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో దొరికిన ఏవో పెద్ద శిలాజపు పళ్ళను గిడియన్ మాంటెల్ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మ్యూజియానికి తీసుకెళ్తే, అక్కడ శామ్యూల్ స్టచ్‌బరీ వాటిని ఇగ్వానా పళ్ళతో పోల్చి చూపించాడు. ఆ పోలిక మీదే మాంటెల్ 1825లో ఆ జంతువుకు ఇగ్వానోడాన్ అని పేరు పెట్టి, అది శాకాహారి అని గ్రహించాడు. కోట్ల ఏళ్ళ నాటి రాక్షసబల్లి ఏం తినేదో ఇగ్వానా పళ్ళను బట్టి చెప్పగలిగారు. బతికున్న ఇగ్వానా ఏం తినాలో ఆ పళ్ళను బట్టి మనం చెప్పలేమా? మాంసకృత్తులు ఎక్కువై, నీళ్ళు తక్కువైతే యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది, కీళ్ళు వాస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నీళ్ళ సంగతి మరీ పట్టించుకోరు. నీళ్ళగిన్నె పెట్టాం కదా అంటారు. తేమ నిండిన అడవిలో ఆకుల మీది నీటిబొట్లు నాకి, పచ్చి ఆకుల్లోని నీటితో గడుపుకునే జంతువు ఇది. గాలిలో తేమ 70 శాతం పైన ఉండాలి. వేసవిలో దక్కన్ గాలి, దానికి తోడు ఏసీ కలిసి దాన్ని ఎండబెట్టేస్తాయి. రోజూ నీళ్ళు చిలకరించాలి, మునిగేంత తొట్టి ఉండాలి. దాని ముక్కు దగ్గర తెల్లగా పేరుకునేది ఉప్పు. ఒంట్లో ఎక్కువైన లవణాలను ముక్కులోని గ్రంథుల ద్వారా చీది పారేస్తుంది. అది జబ్బు కాదు. దాన్ని జలుబనుకుని మందులు వేసి, అసలు జబ్బైన దాహాన్ని వదిలేసేవాళ్ళున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట దగ్గరికి వస్తాను: ‘ఎంత శాంతంగా ఉందో చూడండి’. భుజం మీద కదలకుండా పడుకున్న ఇగ్వానా, తల నిమిరితే కళ్ళు మూసుకునే ఇగ్వానా. ప్రేమకు అది జవాబు చెబుతోందని జనం అనుకుంటారు. గద్దకు దొరక్కూడదనుకునే బల్లికి తెలిసిన మొదటి ఉపాయం బిగుసుకుపోవటం. తప్పించుకోలేని చోట ముట్టుకుంటే కళ్ళు మూసుకోవటం చాలాసార్లు ఆ చేతిని చూడకుండా తప్పించుకోవటమే. రంగు ముదురు గోధుమకో నలుపుకో తిరగటం చలికీ భయానికీ గుర్తు. దాని నెత్తి మీద మూడో కన్ను లాంటిది ఒకటుంది. బొమ్మలు చూడలేదు గానీ పైనుంచి పడే నీడను పసిగడుతుంది. అలాంటి జంతువును నేల మీద ట్యాంకులో పెట్టి, ఇంట్లో ప్రతి మనిషీ పైనుంచి దాని మీదికి వంగి చూస్తుంటే, అది రోజంతా గద్ద నీడలో బతుకుతున్నట్టే. నిజంగా మచ్చికైన ఇగ్వానా వేరుగా ఉంటుంది. తల ఎత్తుతుంది, చుట్టూ చూస్తుంది, నాలుక బయటపెట్టి వాసన పట్టుకుంటుంది, ఇష్టం లేకపోతే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోవటానికి ఒక ఎత్తయిన కొమ్మ ఉన్నప్పుడే అది ఉండటానికి అర్థం ఉంటుంది.

దానికి మనసేముంది అనేవాళ్ళకు ఒక్క మాట. గోర్డన్ బర్ఘార్ట్, హ్యారీ గ్రీన్, స్టాన్లీ ర్యాండ్ పనామాలో గుడ్లలోంచి బయటికొస్తున్న ఇగ్వానా పిల్లలను గమనించి 1977లో రాశారు. పిల్లలు గూటి రంధ్రంలోంచి తలలు బయటపెట్టి చుట్టూ పరిశీలిస్తాయి, ఒకదాన్నొకటి చూసుకుంటాయి, గుంపులుగా కలిసి బయల్దేరతాయి. పుట్టిన రోజు నుంచే తోటివాటిని చూసి నడుచుకునే ప్రాణి అది. అలాంటిదాన్ని నాలుగు గాజు గోడల మధ్య ఒంటరిగా పెట్టి, దానికేమీ అక్కర్లేదని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

పెట్టె ఎంత ఉంటే అంతే పెరుగుతుందని ఇంకో ప్రచారం. పుట్టిన ప్రతి ఇగ్వానాకూ ఐదడుగులు పెరిగే స్వభావం ఉంటుంది. మూడేళ్ళైనా రెండడుగుల్లోనే ఆగిపోయిందంటే అది పెట్టెకు సర్దుకోలేదు, తిండీ వేడీ వెలుతురూ చాలక గిడసబారింది. పెద్దదానికి కనీసం ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ఉన్న గూడు కావాలి, లోపల దాని బరువు మోసే కొమ్మలుండాలి. అంటే ఇంట్లో ఒక చిన్న గది. ఆ గది ఇవ్వలేనివాళ్ళు ఏం చేస్తారో ఫ్లోరిడాను చూస్తే తెలుస్తుంది. అక్కడ పెంపుడు ఇగ్వానాలు తప్పించుకునో, వదిలేయబడో 1960ల నుంచి అడవిలో స్థిరపడ్డాయి. ఇప్పుడవి కాలువ గట్లు తవ్వే బెడద అయ్యాయి. 2020 జనవరిలో చలిగాలులు వచ్చినప్పుడు, చెట్ల మీది నుంచి ఇగ్వానాలు రాలి పడవచ్చు జాగ్రత్త అని మయామిలోని వాతావరణ శాఖ హెచ్చరించాల్సి వచ్చింది. అవి చనిపోయి రాలినవి కావు, చలికి కొయ్యబారి పట్టు తప్పినవి. ఎండెక్కాక చాలావరకు లేచి వెళ్ళిపోయాయి. ఈ జంతువు ఒళ్ళు దాని చుట్టూ ఉన్న గాలి మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పటానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2021లో ఫ్లోరిడా ఇగ్వానాలను కొత్తగా పెంచుకోవటాన్నే నిషేధించింది.

ఆడ ఇగ్వానాల కష్టం గురించి అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పరు. మగది లేకపోయినా ఈడొచ్చిన ఆడది గుడ్లు పెడుతుంది, ఒక్క ఈతలో ఇరవై నుంచి డెబ్బై దాకా. పెట్టటానికి సొరంగం తవ్వుకునేంత లోతైన మట్టి కావాలి. ఆ చోటు లేకపోతే గుడ్లు లోపలే బిగుసుకుపోతాయి. తిండి మానేస్తుంది, గోడలు గోకుతుంది, అలమటిస్తుంది. ఆపరేషన్ చేస్తే తప్ప దక్కని ఇగ్వానాలెన్నో. మగదైతే ఎదకాలంలో నారింజ రంగు తిరిగి, మనుషుల మీదికి వస్తుంది. దాని పళ్ళ గురించి ఇప్పటికే చెప్పాను, చర్మాన్ని కుట్లు పడేలా కోయగలవు. ఇంతకాలం ‘శాంతం’గా ఉన్నది ఇలా మారిందేమిటని అప్పుడు అమ్మకానికి పెడతారు.

నాతో వాదించేవాళ్ళు చివరికి వేసే అస్త్రం ఒకటుంది: ‘మాది ఐదేళ్ళుగా లెట్యూస్ తిని, దీపం లేకుండా బతికే ఉంది’. దీన్ని నేను అబద్ధమనను. బల్లి ఒంటికి కావలసిన శక్తి అంతే బరువున్న కుక్కకో పిల్లికో కావలసినదానిలో పదో వంతు దాకా మాత్రమే. అందుకే అది ఆకలినీ జబ్బునూ నెలల తరబడి, ఏళ్ళ తరబడి మోయగలదు. కుక్కకు తిండి సరిపడకపోతే వారాల్లో తెలిసిపోతుంది. ఇగ్వానాకు మూత్రపిండాలు చాలా భాగం పోయేదాకా పైకి ఏమీ కనిపించదు. పైగా వేటాడబడే జంతువు బలహీనతను దాచుకుంటుంది. మొండితనమని మనం మెచ్చుకునేది నిజానికి చావు నెమ్మదిగా రావటం. 15 ఏళ్ళు బతకాల్సింది ఐదారేళ్ళకు ఒక పొద్దున హఠాత్తుగా చనిపోయిందంటే అందులో హఠాత్తు ఏమీ లేదు.

అడవిలో అయితే పాములు, గద్దలు తినేసేవి గదా, ఇక్కడ కనీసం క్షేమం కదా అని కూడా అంటారు. అడవిలో ఇగ్వానా పిల్లల్లో ఎక్కువ భాగం ఏడాది దాటవన్నది నిజం. కానీ ఇంట్లోని ఇగ్వానాను గద్ద నోటి నుంచి ఎవరూ లాక్కురాలేదు. అమ్మటం కోసం ఫారంలో పొదిగించినది అది. శత్రువులు లేకపోవటం ఒక్కటే క్షేమమైతే, కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టినా క్షేమమే అనాలి.

మన దేశంలో చట్టం సంగతి క్లుప్తంగా. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, ఆ తర్వాత 2024లో వచ్చిన నియమాల ప్రకారం, వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందపు జాబితాల్లోని ఇగ్వానా వంటి విదేశీ జాతులను ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి. చేయండి. కాగితం ఉంది కాబట్టి అన్నీ సవ్యంగా ఉన్నట్టే అనుకోకండి, అంతే. ఇక మన ఉడుమును పట్టి తెచ్చి పెంచుకోవాలనుకునేవాళ్ళకు: అది అదే చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు, పట్టడమే నేరం. అది మాంసాహారి కూడా. బల్లులన్నీ ఒకటే అనుకుని ఒకదాని మేత ఇంకొకదానికి పెట్టేవాళ్ళు ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి.

ఇప్పటికే ఇగ్వానా ఉన్న ఇళ్ళను నేను తప్పుపట్టి వదిలేయదలచుకోలేదు. ఆ జంతువు రేపు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, ఈ వారంలోనే చేయగలిగినవి ఉన్నాయి. దీపం కింద కొమ్మ మీద, నీడ మూలలో వేరువేరుగా థర్మామీటర్ పెట్టి చూడండి. యూవీబీ ట్యూబు ఎప్పుడు కొన్నారో దాని మీద తారీఖు రాయండి. లెట్యూస్ ఆపి మునగాకు, మందారం మొదలుపెట్టండి. మొదట ముట్టకపోతే పాత మేతలో సన్నగా తరిగి కలపండి. కింది దవడను మెల్లగా తాకి గట్టిగా ఉందో లేదో చూడండి, కాలివేళ్ళు అదురుతున్నాయేమో గమనించండి. ఏ అనుమానం ఉన్నా సరీసృపాలను చూసిన అనుభవం ఉన్న పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం, భాస్వరం, యూరిక్ ఆమ్లం పరీక్షలు చేయించండి. మన ఊళ్ళలో అలాంటి వైద్యులు తక్కువ, కాబట్టి జబ్బు చేసేదాకా ఆగకుండా ఎవరున్నారో ముందే కనుక్కుని పెట్టుకోండి.

కొనబోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. పెద్దదై ఐదేళ్ళు దాటిన ఇగ్వానాను, అది ఉండే గదిని, దానికి నెలకయ్యే కరెంటు బిల్లును చూడకుండా పిల్లను కొనకండి. ‘దీనికి పెద్దగా పనేం ఉండదు’ అని దుకాణంవాడు మొదలుపెడితే, ఆ మాటతోనే బేరం ఆపేసి బయటికి రండి.